బుధవారమే పడ్డ గోలా

ఆ రోజుల్లో లెక్క తప్పితే దాన్ని యంత్రం మీదికి నెట్టేసే వీలు లేదు. తప్పు చేసినవాడు బల్ల దగ్గరే కూర్చుని ఉండేవాడు, చాలాసార్లు ఆ కూర్చున్నవాడిని నేనే. ఇప్పటి పిల్లలు కంప్యూటరు తెర మీద ఒక పట్నాన్ని పరిచి, దాని నడుమ ఒక బాంబు పేల్చి, ఏ గోడ ఎంత ఊగుతుందో, ఏ కిటికీ అద్దం ఎప్పుడు పగులుతుందో రంగురంగుల్లో చూసుకుని, టీ తాగి ఇంటికి వెళ్లిపోతున్నారు. నేనూ ఒక ఊరి మీద బాంబు వేశాను. మెదక్ మీద. నా దగ్గరున్న సామానల్లా ఒక స్లైడ్ రూలు, ఒక ఎర్ర పెన్సిలు, ఒక గుండుసూది, మూరెడు దారం. టీ మాత్రం తాగలేకపోయాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మెదక్‌లో ఒక సర్కారు ఇంజనీరింగు ఆఫీసులో సూపర్‌వైజరు పని, అదీ టెంపరరీ. ఆ నెలాఖరుకు నన్ను పర్మినెంటు చెయ్యాలో, ఇంటికి పంపాలో మా ఇంజనీరు గారు రాసి పంపాలి. నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎక్కడ ఏం పగిలిన చప్పుడైనా నా చెయ్యే తగిలిందేమో అనిపిస్తుంది. అందుకని ఆ నెలంతా నేను ఆఫీసులో కుర్చీ కూడా జరపకుండా కూర్చునేవాడిని. నాకున్న ఒకే ఒక్క ధైర్యం ఆ స్లైడ్ రూలు. మొత్తం ఆఫీసులో అది నా ఒక్కడి దగ్గరే ఉండేది. (జేబులోంచి రెండంగుళాలు బయటికి కనపడేలా పెట్టుకునేవాడిని. నవ్వకండి.) చూడటానికి స్కేలులా ఉంటుంది గాని, నడుమనున్న పట్టీని అటూ ఇటూ జరిపితే గుణకారాలు, భాగహారాలు, ఘనమూలాలు అన్నీ చెబుతుంది. ఒక్కటే చెప్పదు, పాయింటు ఎక్కడ పెట్టాలో. మూడు అని చూపిస్తుంది. అది మూడా, ముప్పయ్యా, మూడు వందలా అన్నది పట్టుకున్నవాడి బుర్రలో ఉండాలి.

అవి పాకిస్తానుతో యుద్ధం రోజులు. వీధి దీపాలకు సగం దాకా నల్లరంగు పూశారు. ఒక సోమవారం ఇంజనీరు గారు నన్ను పిలిచారు. ఆయనది కృష్ణా జిల్లా, మాటకు ముందు ఒకసారి గొంతు సవరించుకునే మనిషి. "చూడవోయ్, మన బజారు నడుమ బాంబు పడిందనుకో. ఎంత దూరం దాకా ఇళ్లు కూలతాయో లెక్కగట్టి, ఊరి మ్యాపు మీద గీసి పట్రా. గురువారం పొద్దున పదింటికి సంగారెడ్డి నుంచి కలెక్టరు గారొచ్చి చూస్తారు. ఈలోగా ఎవరికీ చూపించకు. ఊళ్లో గోలైపోతుంది" అన్నారు. (ఆయన భాషలో గోల అంటే గొడవ. ఈ మాటను కాస్త చూసుకుంటూ ఉండండి.)

బండలు పేల్చే పనులకు వాడే పాత పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని లెక్క మొదలుపెట్టాను. పట్టీ జరిపాను, అంకె వచ్చింది, పాయింటు పెట్టాను. ఊరి నక్ష, అంటే మ్యాపు, పరిచి, బజారు దగ్గర కంపాసు గుచ్చి, గీయబోతే కంపాసు కాళ్లు చాలలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. అబ్బ, ఎంత పెద్ద బాంబో అనుకుని, గుండుసూదికి దారం కట్టి, దారం కొసన ఎర్ర పెన్సిలు ముడివేసి గిర్రున తిప్పాను. చర్చి లోపలికి వచ్చింది, ఖిల్లా గుట్ట సగం వచ్చింది, మా ఆఫీసు వచ్చింది, నేను కిరాయికుంటున్న ఇల్లూ వచ్చింది. చాలా బాగా కుదిరిందనిపించింది. మంగళవారం మధ్యాహ్నానికి ఇంజనీరు గారు సంతకం కూడా చేసేశారు.

ఆ సాయంత్రమే చాచా టీ తెచ్చాడు. చాచా మా ఆఫీసు చప్రాసీ. నిజాం కాలం నుంచి అదే స్టూలు మీద కూర్చున్నవాడు, ఆఫీసులో ఎవరికి కోపమొస్తే ఎంతసేపట్లో దిగుతుందో తెలిసినవాడు. నాకు జ్వరమొస్తే ఇంటి నుంచి గంజి కాచి తెచ్చిన మనిషి. నక్షను దాచే లోపలే చూసేశాడు. "ఏంది సాబ్ ఇది? ఊరి సుట్టు ఎర్రగ గీసిండ్రు" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నారని నాకు గుర్తుంది. కానీ చాచా ఎవరో కాదు గదా. పైగా అప్పుడే నేను ఉర్దూ నేర్చుకుంటున్నాను, ఎవరి మీదైనా వాడాలని నాలుక దురదగా ఉంది. గుండ్రంగా ఉన్నదాన్ని గోల్ అంటారని తెలుసు, కాబట్టి గుండ్రంగా గీసిన గీత గోలా అయి ఉంటుందని నాకు నేనే తీర్మానించుకున్నాను.

"గోలా హై, చాచా."

"గోలానా?" చాచా చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "కహాఁ సాబ్?"

"యహాఁ" అని గుండుసూది గుచ్చిన చోటు చూపించాను.

"మా మొహల్లా?"

"అందర్ హై. మీ ఇల్లు భీ అందరే" అన్నాను, గీత లోపల ఆయనకు చోటిచ్చేస్తున్నవాడిలాగా.

"కబ్ సాబ్?" అన్నాడు చాచా మెల్లగా. పని ఎప్పటికి కావాలని అడుగుతున్నాడనుకున్నాను.

"జుమ్మేరాత్. సుబహ్ దస్ బజే." గురువారం పొద్దున పదింటికే గదా కలెక్టరు గారొచ్చేది.

"పక్కానా?"

"పక్కా. ఇంజనీర్ సాబ్ దస్తఖత్ భీ హోగయా."

చాచా టీ గ్లాసు నా బల్ల మీద పెట్టి, దాన్ని నా ముందుకు జరపడం కూడా మరచి, "అల్లా మాలిక్" అంటూ వెళ్లిపోయాడు. నా ఉర్దూకు అబ్బురపడ్డాడనుకున్నాను. వాళ్ల భాషలో గోలా అంటే ఫిరంగి గుండు, పైనుంచి పడేది అని నాకెవరూ చెప్పలేదు. (నేను ఎవరినీ అడగలేదు కూడా.)

బుధవారం పొద్దున ఆఫీసుకు పోతే చాచా స్టూలు ఖాళీగా ఉంది. ఆ స్టూలు ఖాళీగా ఉండటం అంతకుముందు నేను చూడలేదు. సరే, టీ నేనే తాగొద్దామని ఎదురుగా ఉన్న హోటలుకు పోయాను. అక్కడ గల్లా దగ్గర ఒకటే ముచ్చట. "రేపు పదింటికి గోలా పడ్తదట." "ఎవరు చెప్పిండ్రు?" "ఎవరు చెప్పుడేంది, సర్కారోళ్లే నక్ష గీసిండ్రట. మా గల్లీల సగం మంది మూట ముల్లె సదురుకుంటున్నరు. బస్సుల కాలు పెట్ట సందు లేదు." హోటలాయన నా వైపు తిరిగి, "సూపర్‌వైజర్ సాబ్, మీ చాచా సుత తెల్లారకముందే పోయిండు గదా, మీకు ఎర్కలేదా?" అన్నాడు. నోట్లో ఉన్న టీ మింగాలో ఉమ్మాలో తెలియలేదు. చాచా కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. ఆ పిల్లను ఎడ్లబండిలో ఎక్కించుకుని కౌడిపల్లిలో ఉన్న చుట్టాలింటికి బయలుదేరాడట.

ఆఫీసుకు పరుగెత్తాను. ఎందుకో తెలియదు, ముందు లెక్క తీశాను. పట్టీని మూడుసార్లు జరిపి చూశాను. అంకె అదే. పాయింటు మాత్రం ఒక స్థానం అవతల పెట్టాను. నా బాంబు ఉండవలసినదానికి పదింతలు పోయింది. అసలు గీత బజారు దాటదు. చాచా ఇల్లు దానికి బహుదూరం. భాష తప్పు ఒకటి, లెక్క తప్పు ఒకటి, చూపించొద్దన్నది చూపించడం ఒకటి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పిల్ల ఇంట్లో మంచం మీద పడుకుని ఉండేది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ మట్టిబాట గుంతల్లో ఎగిరెగిరి పడుతున్న బండి కళ్ల ముందు కదులుతుంటే ఆ భయం నిలవలేదు.

ఇంజనీరు గారి ముందు నిలబడి ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన గొంతు సవరించుకున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. "నువ్వు తప్పు ఒప్పుకోవడానికొచ్చావా, సెలవడగడానికొచ్చావా?" అన్నారు. "రెండూ సార్" అన్నాను. "ముందు సెలవు తీసుకో. తప్పెక్కడికీ పోదు, వచ్చాక చూద్దాం. బజార్లో ఎవరికి చెప్పాలో నేను చెప్పిస్తాను."

సైకిలు తీసి నేరుగా ఇంటికి పోయాను. నేను కిరాయికున్నది దవాఖానలో పనిచేసే నర్సమ్మ గారింట్లో. ఏబై దాటిన మనిషి, గట్టి శరీరం, అంతకంటే గట్టి గొంతు. ప్రతి ఆదివారం నన్ను చర్చికి రమ్మని పిలిచి, నేను రానంటే "నీ ఇష్టం, ప్రభువు చూసుకుంటడు" అని వదిలేసేది. ఆ రోజు ఆమెకు సెలవు. సంగతి సగం వినగానే లోపలికి పోయి సంచీ తెచ్చింది. "నిండు చూలాలును బండిల ఎక్కించుకపోతరా? తియ్యి సైకిల్" అని నా వెనక క్యారియరు మీద కూర్చుంది. ముందు చక్రం ఒకసారి గాల్లోకి లేచి దిగింది.

కౌడిపల్లి బాటలో నర్సమ్మ గారు వెనకనుంచి అడుగుతూనే ఉంది. "గిట్ల ఊరందరిని పరేషాన్ జేసిన గాడిద ఎవడు బాబు?" ఎత్తు ఎక్కుతున్నాను గనక రొప్పుతో సరిపెట్టుకున్నాను. ఎత్తు అయిపోయింది. "చెప్పవేంది? ఆఫీసుల ఎవడన్న తాగి గీసిండా?" "నేనే గీసినమ్మా. తాగలే" అన్నాను. "తొక్కు, జల్ది తొక్కు. నీ సంగతి తర్వాత చెప్త" అంది. (తర్వాత చెప్పింది కూడా, దాదాపు నెల రోజుల పాటు.)

బాట కింద నీళ్లు పోవడానికి మా ఆఫీసు కట్టించిన మోరీ దగ్గర, మక్కజొన్న చేను పక్కన, ఎడ్లను విప్పేసి బండి ఆగి ఉంది. చాచీ, ఇంకో ఆడమనిషి బండి చుట్టూ దుప్పటి అడ్డం పట్టుకుని ఉన్నారు. లోపలినుంచి మూలుగు వినపడుతోంది. నర్సమ్మ గారు సైకిలు ఆగకముందే దిగి, దుప్పటి ఎత్తి లోపలికి పోయింది. చాచా మోరీ గోడ మీద బండికి వీపు పెట్టి కూర్చున్నాడు. నన్ను చూసి, "మీరు సుత వచ్చేసిండ్రా సాబ్? మంచిగ జేసిండ్రు" అన్నాడు. నేనూ బాంబుకు భయపడి పారిపోయి వచ్చాననుకున్నాడు. నాకు ఆ మాటకు ఏడుపొచ్చింది.

పక్కన కూర్చుని చెప్పాను. బాంబు లేదని, అది ఉత్త లెక్క అని, ఆ లెక్క కూడా తప్పని. "గోలా అంటే గుండ్రంగ గీసింది అనుకున్న చాచా." చాచా నా ముఖం చూడలేదు. ఎదురుగా ఉన్న మక్కచేను చూస్తూ, "దాన్ని గోలా అంటరా సాబ్? దాయిరా అంటరు" అన్నాడు. తిట్టలేదు. ఒక మాట నేర్పించాడంతే. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. "ఒక్కతే బిడ్డ సాబ్. ఏమన్న అయితే..." అంటూ జేబులోంచి తస్బీ తీశాడు, అది వాళ్ల జపమాల. ఆయన చేతిలో తస్బీ పూసలు ఒక్కొక్కటే జారుతుంటే నేనూ వాటితో పాటు లెక్కపెట్టాను. జీవితంలో నేను తప్పు పోకుండా చేసిన లెక్క అదొక్కటే అనుకుంటాను. మూడు చుట్లు పూర్తయి నాలుగోది మొదలవుతుండగా దుప్పటి వెనక ఒక సన్నని ఏడుపు వినపడింది, వెంటనే గట్టిదైంది.

నర్సమ్మ గారు తల బయటపెట్టి, "ఆడపిల్ల. తల్లి, పిల్ల ఇద్దరు మంచిగున్నరు. ఎడ్లను కట్టుండ్రి, మెల్లగ ఇంటికి పోదాం" అంది. చాచా తస్బీ జేబులో వేసుకున్నాడు. తువ్వాలతో ముఖం రెండుసార్లు తుడుచుకుని, నేను సంగతి చెప్పాక మొదటిసారి నా వైపు తిరిగాడు.

"సాబ్, మీ గోలా పడ్డది. జుమ్మేరాత్ అన్నరు, బుధవారమే పడ్డది."

గురువారం పదింటికి కలెక్టరు గారు వచ్చారు. బజారు దాటని చిన్న గీత ఉన్న కొత్త నక్ష చూశారు. మా ఇంజనీరు గారు గొంతు సవరించుకుని, "ముందు లెక్కలో పాయింటు తప్పు పోయిందండీ, మా సూపర్‌వైజరే పట్టుకున్నాడు" అన్నారు. తప్పు పెట్టిందెవరో ఆయన చెప్పలేదు, కలెక్టరు గారు అడగలేదు. నెలాఖరుకు నన్ను పర్మినెంటు చేశారు. ఊరు తిరిగొచ్చింది. కొందరు మాత్రం ఇచ్చిన తేదీకి బాంబు పడనందుకు నా మీద కొన్నాళ్లు గుర్రుగా ఉన్నారు.

పిల్లకు మంచి పేరే పెట్టారు గాని మొహల్లాలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అందరికీ గోలాయే. ఆ గోలా చదువుకుని, ఇంజనీరై, ఇప్పుడు హైదరాబాదులో సరిగ్గా నేను చేసిన పనే చేస్తోంది, జీతం తీసుకుని, కంప్యూటరు మీద. మొన్న మెదక్ వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ నా ఒళ్లో పెట్టి, "మామూ, చూడు" అని ఒక పట్నం మీద పేలుడు చూపించింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు ఒకదాని వెంట ఒకటి ఇళ్ల మీదుగా పోయాయి. నేను అలమారలోంచి స్లైడ్ రూలు తీసి, దుమ్ము తుడిచి, ఆమె చెప్పిన అంకెలతో పట్టీ జరిపాను. అంకె కుదిరింది. "మరి పాయింటు ఎవరు పెడ్తరు?" అని అడిగాను. "అదే పెట్టుకుంటది మామూ" అంది. "గీత లోపల ఎవరెవరి ఇండ్లున్నయో అడిగినవా?" అన్నాను. గోలా నవ్వబోయి, ఆగి, నా ముఖం చూసి, తెరను దగ్గరికి లాక్కుని ఒక్కొక్క గల్లీ పెద్దది చేసి చూడటం మొదలుపెట్టింది.

నేను స్లైడ్ రూలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వెనక నర్సమ్మ గారిని మోస్తూ, కళ్లనీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి వదిలితే సైకిలు పడుతుందేమోనని అలాగే తొక్కుతున్న ఆ ఇరవై రెండేళ్లవాడు గుర్తుకొచ్చాడు. ఆ రోజు ఆ కంప్యూటరు నా దగ్గర ఉండి, పాయింటు అదే పెట్టుకుని ఉంటే ఈ పిల్ల ఇంట్లోనే పుట్టేది, పేరు పెట్టి పిలిపించుకునేది, నన్ను మామూ అనేది కాదు. పాయింటు ఆ రోజు నేను పెట్టిన చోటే ఉండనీ అనుకుని స్లైడ్ రూలును మళ్లీ అలమారలో పెట్టేశాను.