బుడగలు రాని బటర్‌ఫ్లై

2014 జూన్‌లో నన్ను విజయనగరం ఈతకొలనుకు సీనియర్ కోచ్‌గా బదిలీ చేశారు. అప్పటికి ఇరవై ఏళ్ళ సర్వీసు. ఈతలో నాకు తెలియనిది లేదనే పొగరుకూ అంతే వయసు.

ఆ ఏడే భోగాపురం దగ్గరి మత్స్యకార పల్లె నుంచి అప్పన్న అనే ఆయన, పదహారేళ్ళ కూతురు నూకరత్నాన్ని తీసుకొచ్చాడు. "సేపపిల్లకి ఈత నేర్పాలేటి మాస్టారూ? పోటీకి కావల్సింది నేర్పండి, సాలు" అన్నాడు. రాష్ట్ర పోటీల జట్టులో చోటు దొరికితే క్రీడా హాస్టల్లో ఆమె చదువు సాగుతుంది. లేకపోతే అక్కడితో ఆగినట్టే.

ఆమెకు నేను ఎంచిన బటర్‌ఫ్లై అనే ఈత పద్ధతిలో రెండు చేతులూ ఒకేసారి నీటిని వెనక్కి తోస్తాయి. ఆ తోపు ముగిసేటప్పుడు గడ్డం నీటిని రాసుకుంటూ ఊపిరి పీల్చి, చేతులకన్నా ముందే తల దించేయాలి. ఈ పిల్ల మెడ నిక్కించి ముందుకు చూసేది. సముద్రంలో రాబోయే కెరటాన్ని చూసే అలవాటు అది. తల లేస్తే నడుము మునుగుతుంది. నాలుగు బారలకోసారే తల లేపమని ఆజ్ఞ వేశాను. నెల తిరక్కుండా ఒళ్ళు నీటిమీద చాపలా పరుచుకుంది, ఈదడానికి పట్టే సమయం తగ్గింది. నేను తెగ సంబరపడిపోయాను.

ఎంపికకు ముందురోజు ఉదయం మొదటిసారిగా ఆగకుండా వంద మీటర్ల ట్రయల్ పెట్టాను. మలుపు తిరిగి కొంత దూరం వచ్చాక ఆమె చేతులు ఆగాయి. ముఖం నీళ్ళలోనే ఉంది. చెప్పడానికి సిగ్గేస్తోంది, నేను స్టాప్‌వాచ్ చూసుకుంటున్నాను. "మాస్టారూ, పిల్ల కదల్డం నేదు" అంటూ గట్టుమీంచి చూస్తున్న అప్పన్న లుంగీతోనే దూకేశాడు. వెనకే నేను. గట్టుమీద పడుకోబెట్టేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. నోటితో ఊపిరి అందించాను. ఎంతసేపటికో దగ్గింది.

ఆసుపత్రిలో తేరుకున్నాక, ముఖం నీళ్ళలో ఉన్నప్పుడు ఊపిరి వదులుతున్నావా అని అడిగాను.

"కెరటం కింద ఊపిరి ఒగ్గేస్తే సస్తావని మా అయ్య సెప్పినాడు. తల లేపొద్దని మీరు సెప్పినారు. రెండూ ఇన్నాను మాస్టారూ" అంది.

వేటకెళ్ళే ఇళ్ళలో పిల్లలకు మొదట నేర్పేది అదేనట. కెరటం మీద పడుతుంటే ఊపిరి బిగబట్టి దాని కింద దూరాలి, ఒక్క బుడగ రానివ్వకూడదు. బటర్‌ఫ్లైలో ముఖం నీటిలో ఉన్నంతసేపూ ఊపిరి వదులుతూనే ఉండాలి. తల పైకొచ్చే ఆ క్షణంలో వదలడం, పీల్చడం రెండూ కుదరవు; దూరం పెరిగేకొద్దీ గాలి చాలక స్పృహ తప్పుతుంది. నెల రోజులు ఆమె ముఖం ముందు బుడగ అనేదే లేదు. నేను ఆమె నడుమే చూశాను.

ఎంపిక పోయింది, హాస్టలు సీటూ పోయింది. వాళ్ళ పల్లెకు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. అప్పన్న వల బాగుచేసుకుంటూ, "నా మాటా మీ మాటా కలిసి పిల్లని ముంచేసినాయి" అన్నాడు. మళ్ళీ ఆమెను పంపలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, కొత్తగా చేరినవారిని నీళ్ళలోకి దింపేముందు ఒకటే అడిగేవాణ్ణి: నీకు ఈత ఎవరు నేర్పారు, ఏం చెప్పి నేర్పారు? అడగడానికి అర నిమిషం చాలు. ఇరవై ఏళ్ళు నేను అడగలేదు.