మిట్ట దగ్గర దిగని సైకిలు

ఏటి లోయలో సైకిళ్ల చరిత్ర ఎవరైనా రాయదలిస్తే దాన్ని రెండు యుగాలుగా విడగొట్టక తప్పదు. సీట్లక్క మిట్ట దగ్గర సైకిలు దిగుతుందేమోనని జనం ఎదురుచూసిన యుగం మొదటిది. ఇక దిగదని ఆశ వదులుకున్నది రెండోది. మొదటి యుగానికి ప్రత్యక్ష సాక్షులు ఇద్దరే ఉండేవారు. వారిలో ఒకరు పోయారు, రెండో ఆయనకు చెవుడు. అందుచేత పరిశోధకులు రెండో యుగంతోనే సరిపెట్టుకోవాలి.

సీట్లక్క పని సీట్లు కుట్టడం. బస్సు సీట్లు, పడవ బల్లలు, పళ్ల డాక్టరు దగ్గర రోగి వణుకుతూ పడుకునే కుర్చీ, మనిషి నడుం వాల్చే చోటేదైనా సరే, స్పాంజి కోసి, రెక్సిను లాగి, మేకులు కొట్టి వదిలేది. మనుషుల్ని మొహం చూసి కాక, వాళ్లు కూర్చుని లేచిన గుంట చూసి అంచనా కట్టేది. ఆ అంచనా తప్పిన సందర్భాలు తక్కువ.

పాత కవరు విప్పకుండా దాని మీదే కొత్తది తొడిగేవాళ్లంటే ఆవిడకు ఒళ్లు మంట. "అది కుట్టడం కాదు, కప్పిపుచ్చడం" అనేది. ఈ ధర్మం లోకంలోని సీట్లన్నిటికీ వర్తించేది, ఒక్క ఆవిడ సైకిలు సీటుకు తప్ప. ఏదైనా పెద్ద పని ముగిసినప్పుడల్లా మిగిలిన రెక్సిను ముక్కతో, కాస్త స్పాంజి జోడించి, తన సీటుకొక కవరు కుట్టుకునేది. పాతది విప్పడానికి మాత్రం మనసొప్పేది కాదు. అట్టడుగున సినిమా హాలు బాల్కనీ ఎరుపు, దాని మీద ఆసుపత్రి ఆకుపచ్చ, ఆపైన మూతపడ్డ బస్సు కంపెనీ నీలం... అలా ఊరి చరిత్ర అంతా పొరలు పొరలుగా ఆ సీటు మీద భద్రంగా ఉండేది. ఊరు మొత్తం మునిగిపోయినా ఆ ఒక్క సీటు దొరికితే చాలు, తవ్వకాల వాళ్లు జీతాలు తీసుకోవచ్చు.

సైకిలెక్కడం ఇంటి అరుగు మీద నుంచి, దిగడం వెళ్లినవాళ్ల ఇంటి గుమ్మం మెట్టు మీదకు. నడిరోడ్డు మీద ఎక్కడం, దిగడం ఆవిడ హోదాకు తగదని అందరూ అనుకునేవారు. ఆవిడా కాదనలేదు.

ఆవిడ తమ్ముడు బోర్డులు రాసేవాడు. అరవై దాటి, బొజ్జ పెరిగి, సొంత మనవలున్నా, అక్క ముందు నిలబడితే చెడ్డీ జారిపోతున్నవాడిలా నడుం తడుముకునేవాడు. అలాంటివాడికి ఒకనాడు రహదారుల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఏటి వెంబడి లోయ పొడవునా పర్యాటకుల కోసం సైకిలు యాత్రా మార్గం ప్రారంభించబోతున్నారట. బోర్డులు కావాలట.

దారి కొత్తదేమీ కాదు, సీట్లక్క ముప్పై ఏళ్లుగా తొక్కుతున్నదే. పాత ఇనుప వంతెన దగ్గర మొదలవుతుంది. రెల్లుపొదల పక్కనుంచి, ఆగిపోయిన పంపుహౌసు వెనకనుంచి, ఇసుక తిన్నెల మీద నీటికాకులు రెక్కలారబెట్టుకునే మలుపు దాకా చదునే. ఆ తర్వాత రాతిక్వారీ మిట్ట. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. మిట్ట తలమీద రాతిగట్టు, ఎక్కి వచ్చాక సీట్లక్క ఊపిరి తీసుకునే చోటు. అక్కణ్ణుంచి చూస్తే ఏరు మూడు వంపులు తిరిగి, పొద్దున పూట మంచులోంచి ముక్కలు ముక్కలుగా బయటపడుతుంది. గట్టు దాటితే అంతా పల్లం, చివర పడవల రేవు.

ఆఫీసరు మర్యాదస్తుడు, ప్రకృతి ప్రేమికుడు. ప్రకృతిని జనం సరిగ్గా ప్రేమించడం లేదన్నదే ఆయన బాధ. అందుకని మిట్ట మొదట్లో పెట్టాల్సిన బోర్డు తానే స్వయంగా రచించాడు: "సైకిలిస్టులు ఇచ్చట దిగి, నడుచుచు, ప్రకృతిని ఆస్వాదించవలెను. ఉల్లంఘించినవారి సైకిళ్లు స్వాధీనపరచుకొనబడును."

తమ్ముడు ఆ బోర్డు రాసి, రంగు ఆరడానికి వసారాలో ఆనించాడు. అక్క చూడనే చూసింది.

"ఏంట్రా ఇది?"

"బోర్డక్కా."

"బోర్డని నాకూ తెలుసు, చదువుతున్నాగా. ఎవర్ని దిగమంటున్నావు?"

"నేనెందుకు దిగమంటానక్కా? వాళ్లు రాయమన్నారు, రాశాను."

"వాళ్లు రాయమంటే మీ అక్క చచ్చిపోయిందని కూడా రాస్తావా?"

"సైజు చెప్తే రాస్తాను" అనేసి, నాలిక్కరుచుకున్నాడు. చేతిలో కుంచె ఉన్నప్పుడు అతని నోట్లోంచి వ్యాపారం తప్ప ఇంకోటి రాదు.

అక్క నవ్వలేదు. రేవులో పెద్ద పడవ సీట్లన్నీ కుట్టే పని ఆవిడ ఒప్పుకుని ఉంది. ఎండాకాలం పోయేలోగా అయిపోవాలి. రోజూ పోవాలి, రోజూ రావాలి. రేవుకు దారి మిట్ట మీంచే.

"బస్సుందిగా అక్కా" అన్నాడు తమ్ముడు, గొంతు సగం తగ్గించి.

"ఆ బస్సు సీట్లు చూశావా? పాతవి విప్పకుండానే కొత్తవి తొడిగాడు ఏ మహానుభావుడో. వాటి మీద కూర్చుని పోయి పడవకి సీట్లు ఎలా కుట్టనురా? చెయ్యి వణకదూ?"

"పోనీ ఆ నాలుగడుగులూ దిగి నడిస్తే ఏం పోతుంది?"

"దిగను."

ఆ ఒక్క మాటా చెప్పి, అరుగెక్కి, సైకిలెక్కి వెళ్లిపోయింది. మర్నాడే మిట్ట దగ్గర తొలి పోరు జరిగింది. తమ్ముడు ఆ సమయానికి బోర్డు కింద గుంట పూడుస్తూ ఉండటంతో దానికి ప్రామాణికమైన కథనం మిగిలింది.

ఆఫీసు పెట్టిన కాపలాదారు రోడ్డు మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అక్క రావడం చూసి చెయ్యెత్తాడు. అక్క ఆగలేదు, అలాగని దాటిపోనూ లేదు. అతని స్టూలు చుట్టూ సైకిలు తిప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, దిగండమ్మా."

"దిగను. విషయం చెప్పు."

"బోర్డు చూడండి. మీ తమ్ముడుగారే రాశారు."

"వాడు చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరేం చెప్తే అది రాస్తాడు."

"కాసేపు ఆగి మాట్లాడండమ్మా, నాకు కళ్లు తిరుగుతున్నాయి!"

"కళ్లు తిరిగితే కూర్చో మరి."

"కూర్చునే తిరుగుతున్నానమ్మా!"

"ఆ స్టూలుకి స్పాంజి వేయించుకో, బాబూ. ఉత్తి చెక్క మీద కూర్చుంటే ఎవరికైనా అధికారం తలకెక్కుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ మిట్ట ఎక్కుతున్నాను. నా మోకాళ్లకి లేని అభ్యంతరం మీ ఆఫీసుకెందుకు?"

"దిగకపోతే సైకిలు గోడౌన్లో పడేయమన్నారమ్మా. నా ఉద్యోగం కదా."

అక్క ఇంకో రెండు చుట్లు తిరిగి ఆలోచించింది. తర్వాత వచ్చిన దారినే వెనక్కి మళ్లింది. దాన్ని ఓటమి అనడానికి వీల్లేదు. పాదం నేలకు తగల్లేదు.

ఊళ్లో ఈ కబురు అక్కకంటే ముందే ఇల్లు చేరింది. అక్క కాపలాదారు చుట్టూ వలయం గీసి కూర్చోబెట్టిందని ఒకరు, ప్రభుత్వాన్నే గిరగిరా తిప్పిందని ఇంకొకరు. యాత్రకు పేర్లిచ్చిన సైకిలు క్లబ్బు కుర్రకారు "దిగం!" అని అచ్చువేసిన బనియన్లు కుట్టించుకున్నారు. ఒక కాలేజీ పంతులు దీన్ని దేహానికీ శాసనానికీ జరిగే ఘర్షణ అన్నాడు. అర్థం కాకపోయినా అందరూ తలూపారు. తమ్ముడికి మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. సైకిలు పోతే అక్క పడవ పని పోతుంది. పడవ పని పోతే ఇంట్లో కూర్చుంటుంది. ఇంట్లో కూర్చుంటే తన బోర్డుల్లో అక్షరదోషాలు వెతుకుతుంది.

"ఒక్కసారి దిగవే అక్కా, నా కోసం" అన్నాడు ప్రారంభోత్సవం ముందురోజు.

"నీ కోసం ప్రాణమిస్తాను గానీ, మిట్ట దగ్గర దిగను. రేపు పడవకి సామాను పట్టుకుపోవాలి. ఆ రెక్సిను చుట్ట వెనక కట్టు."

ప్రారంభోత్సవం ఘనంగానే మొదలైంది. మిట్ట మొదట్లో రోడ్డుకు అడ్డంగా రిబ్బను కట్టారు. ఆఫీసరు లోయ అందాల మీద ప్రసంగించాడు. ఏరు ఆయన వెనకే ఉన్నా ఒక్కసారీ తిరిగి చూడలేదు. ప్రసంగం అయ్యాక కత్తెర కోసం చెయ్యి చాపితే అందులోకి ఏమీ రాలేదు. పళ్లెం తెచ్చారు, పళ్లెంలో పరిచే గుడ్డ తెచ్చారు, కత్తెర మరిచారు. జీపు పంపించారు. కుర్రాళ్లు హెల్మెట్లు పెట్టుకుని ఎండలో మాడుతున్నారు.

అప్పుడు వెనకనుంచి బెల్లు వినిపించింది.

పంపుహౌసు మలుపులో సీట్లక్క కనిపించింది. వెనక రెక్సిను చుట్ట, ముందు బుట్టలో సుత్తి, మేకులు. మిట్ట ఎక్కాలంటే కిందే ఊపు అందుకోవాలి కాబట్టి మనిషి హ్యాండిలు మీదకు వంగి ఉంది. కుర్రాళ్లు రెండుగా చీలి దారిచ్చారు.

"అమ్మా, దిగండి!" అన్నాడు కాపలాదారు, ఈసారి స్టూలు చంకలో పెట్టుకుని పక్కకు తప్పుకుంటూనే.

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

"దిగను!"

రిబ్బను ఆవిడ గుండెకు తగిలి, క్షణం సాగి, తెగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ప్రారంభోత్సవం అయిపోయిందనుకుని కుర్రాళ్లందరూ పెడళ్లు తొక్కారు. "దిగం! దిగం!" అంటూ మిట్ట ఎక్కారు. కొందరికి సగంలోనే ఊపిరి అయిపోయింది, అయినా బనియను మీద మాట కోసం పళ్లబిగువున తొక్కారు. తమ్ముడు బొజ్జ పట్టుకుని వాళ్ల వెనక పరిగెత్తాడు. ఆఫీసరు అన్ని సైకిళ్లనీ ఒకసారి చూశాడు, తన గోడౌనును మనసులో ఒకసారి చూసుకున్నాడు.

"ఆ బోర్డు తీసేయండి" అన్నాడు. "ప్రకృతిని ఎవరికి తోచినట్టు వాళ్లు ఆస్వాదిస్తారు."

పైన రాతిగట్టు దగ్గర ఇంకో దృశ్యం. మంచు తొలగి ఏరు మూడు వంపులూ మెరుస్తున్నాయి. గట్టు నిండా ఫోటోలవాళ్లు ఎక్కి కూర్చున్నారు. వాళ్ల ఎదుట సీట్లక్క గుండ్రంగా తిరుగుతోంది. పైకి చేరిన కుర్రాళ్లు ఇదేదో విజయయాత్రలో భాగమనుకుని ఆవిడ వెనకే గుండ్రంగా తిరగసాగారు. చూసేవాళ్లకు ఒళ్లు పులకరించింది.

తమ్ముడు రొప్పుతూ చేరేసరికి అక్క మొహం ఎర్రబడి ఉంది.

"గెలిచామక్కా! బోర్డు తీసేస్తున్నారు!"

"అది సరే గానీ, ముందు వీళ్లని గట్టు మీంచి లేపరా!"

"ఎందుకు?"

"నేను దిగాలి!"

ఎవరూ లేచేలా లేరు. తమ్ముడు అడ్డంపడి రెండు చేతులా హ్యాండిలు పట్టుకున్నాడు. అక్క అతని భుజం ఊతంగా పట్టుకుని, జారి, ధబ్బున దూకింది. అన్నేళ్లలో అతనా సైకిలును దగ్గరగా పట్టుకోవడం అదే మొదటిసారి. సీటు అతని ఛాతీకి తగులుతోంది.

అతను సీటు వైపు చూశాడు. అక్క కాళ్ల వైపు చూశాడు.

"ఏంటా చూపు?" అంది అక్క, చీర దులుపుకుంటూ. "ఒక్క పొర కూడా విప్పను."

ఆ సీటు మీంచి ఆవిడ కాళ్లు నేలకు అందక చాలా ఏళ్లయింది.