యాసుహికో ఇంటి మెయిల్ సర్వర్

జపాన్‌లోని హిమి రేవు పక్క వీధిలో గడియారాలు బాగుచేసే షియోమి యాసుహికో అంటే ఊళ్లోని మౌత్ ఆర్గాన్ బృందానికి గౌరవం. వాయిద్యం వల్ల కాదు, ఆ విషయంలో ఆయనది వెనక వరసే. అందరికీ బృందం పేరుతో మెయిల్ అడ్రసులు ఇచ్చింది ఆయన. దుకాణం వెనక గదిలో, పరుపులు దాచే అలమరలో ఒక పాత కంప్యూటర్ ఎప్పుడూ నడుస్తూ ఉండేది. ఉత్తరాల రాకపోకలన్నీ దాని మీదుగానే.

"కంపెనీల వాళ్ల చేతికెందుకివ్వాలి? మా ఇంట్లో ఉంటే ఎవరూ చదవరు" అనేవాడు, సాధన అయ్యాక టీ తాగుతూ.

ఇంటి కనెక్షన్‌కు స్థిరమైన ఇంటర్నెట్ నంబరు ఉండదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మారిపోతుంది. వచ్చే మెయిళ్లు దారి తప్పకుండా ఏదో ఏర్పాటు చేసుకున్నాడు కానీ, పోయేవాటితోనే చిక్కు. ఇలాంటి నంబర్ల నుంచి చెత్త మెయిళ్లు ఎక్కువ వస్తాయని పెద్ద కంపెనీలు ఒక్కోసారి వాటిని గుమ్మంలోనే తిప్పి పంపేవి. ఇంటర్నెట్ కంపెనీ సర్వర్ మీదుగా పంపితే సరిపోయేది. అలాగైతే తన గొప్పేముందని ఆయన ఒప్పుకోలేదు. బృందంలోని పెద్దవాళ్లు మెయిల్ తిరిగొచ్చిందనే ఇంగ్లీషు నోటీసులు చూసి కంగారు పడతారని, తిరిగొచ్చినవన్నీ తనకే చేరేలా పెట్టుకున్నాడు. తీరిగ్గా మళ్లీ పంపేవాడు. ఎవరికీ తెలిసేది కాదు.

ఆ ఏడు వార్షికోత్సవానికి, సెందాయ్‌లో ఉంటున్న పాత గురువు సగరా మాస్టారిని పిలిచే పని మినగవా ఫుమియే మీద పడింది. బృందంలో అందరికన్నా పెద్దావిడ. మాస్టారికీ ఆమెకూ మాటలు లేక చాలా కాలమైంది. ఆమె మెయిల్ పంపింది. జవాబు రాలేదు.

"మీరు పిలిస్తే ఆయనెందుకొస్తారు లెండి" అన్నారెవరో సాధనలో. అందరూ నవ్వారు. ఫుమియే కూడా నవ్వింది. ఇంటికెళ్లి ఇంకో మెయిల్ రాసింది. దానికీ జవాబు లేకపోయేసరికి సాధనకు రావడం మానేసింది.

ఆ నవ్వులప్పుడు యాసుహికో అక్కడే ఉన్నాడు. తుపానుకు కరెంటు పోయి వచ్చాక దొరికిన నంబరు చెడ్డదనీ, ఆమె మెయిల్ తిరిగొచ్చిందనీ ఆయనకు అప్పటికే తెలుసు. ముందు బాగుచేసి తర్వాత చెబుదాంలే అనుకుని టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

రెండోదీ తిరిగొచ్చింది. కారణం తెలియడానికి నోటీసులోని పై వరుసలు చాలు. ఆయన కింద ఉన్న ఉత్తరం కూడా చదివాడు. మాస్టారి భార్య అంత్యక్రియలకు తానెందుకు రాలేదో ఫుమియే అందులో రాసింది. ఆ రోజుల్లో ఆమె కొడుకు పోలీసుల నిర్బంధంలో ఉన్నాడట. ఆ ముఖంతో నలుగురిలోకి రాలేకపోయాను, క్షమించండి అని రాసింది. ఊళ్లో ఎవరికీ తెలియని సంగతి.

మినగవా గారు రావట్లేదేమని భోజనం దగ్గర భార్య తోమోయే అడిగింది. ఆయన అన్నం గిన్నె కింద పెట్టి అంతా చెప్పాడు, ఉత్తరంలోని సంగతి తప్ప.

"వెళ్లి చెప్పండి. నన్ను మాత్రం పంపకండి" అందామె.

మర్నాడు మిఠాయి పెట్టె పట్టుకుని ఫుమియే ఇంటికి వెళ్లాడు. గడపలోనే మోకాళ్ల మీద కూర్చుని తుపాను గురించీ నంబరు గురించీ చెప్పుకొచ్చాడు. ఆమె ముఖం వెలిగింది.

"అయితే మాస్టారికి అందనే లేదా?" అంది. తర్వాత, "మీరు చదివారా?" అని అడిగింది.

లేదనడానికి నోరు తెరిచాడు. "చదివాను. రెండోది, చివరిదాకా."

ఆమె మిఠాయి పెట్టెను మెల్లగా ఆయన వైపు జరిపింది. "యంత్రమన్నాక చెడుతుంది, దానికేముంది. కానీ ఆ రోజు అందరూ నవ్వుతుంటే మీరక్కడే ఉన్నారు కదా, షియోమి గారూ."

ఆయన నుదురు నేలకానించాడు.

ఫుమియే ఈసారి కాగితం మీద రాసింది. మాస్టారు వచ్చారు, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని వాయించారు. అంతకు ముందే యాసుహికో సాధనలో లేచి నిలబడి, మెయిళ్లు పోలేదనీ, తెలిసీ దాచాననీ చెప్పాడు. పోనీలెండి అన్నారు అందరూ. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకనిపించింది.

ఆ తర్వాత పోయే మెయిళ్లను కంపెనీ సర్వర్ మీదుగా మళ్లించాడు. ఫుమియే ఎదురైతే చలి పెరిగిందనో, వాన వచ్చేలా ఉందనో పలకరిస్తుంది. ఆయన వంగి నమస్కరిస్తాడు, ఆమె మలుపు తిరిగేదాకా తల ఎత్తడు. బృందంలో కొత్తగా చేరినావిడ తనకూ అడ్రసు కావాలని అడిగితే, మీ ఫోన్‌లో ఉన్నదే వాడుకోండి అన్నాడు.