రెల్లుగడ్డిలో గాజు

మా అమ్మ గోదావరి లంకలో పాకల కప్పులకి రెల్లు కోసేది. ఆ ఆకుల అంచులు కోసుకుని చేతులనిండా గీతలే. ఆదివారం చర్చిలో రొట్టె కోసం చెయ్యి చాపాలంటే సిగ్గుపడేది. "గడ్డిలో గాజు ఉంటాదమ్మా" అనేది. నేను నవ్వేదాన్ని, చదువుకుంటున్నదాన్ని కదా!

ఇప్పుడు అమలాపురం కాలేజీలో నేను చెప్పే పాఠమూ అదే. తడినేల గడ్డి నీళ్ళతోపాటు సిలికా తాగి, ఆకులో గాజురవ్వలు కట్టుకుంటుంది. ఆకు కుళ్ళిపోయినా రవ్వలు మట్టిలో మిగులుతాయి. ఆకు గాలిలోంచి తీసుకున్న కార్బన్‌లో కాస్త వాటిలోనే ఏళ్ళతరబడి ఉండిపోతుంది.

అమ్మ పోయేక ఆ లంక మట్టి చిటికెడు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టేను. రవ్వలు మెరిసేయి. రెల్లు మధ్య వంగి, ఆయాసపడుతూ అమ్మ వదిలిన ఊపిరి ఏ రవ్వలో ఉందో నాకెవరు చెప్తారు?