రాఘవ రిజర్వు డ్యూటీ

మా కోట ఊరి పోస్టాఫీసు బెంచీ మీద కూర్చుని పైలట్ రాఘవ మద్రాసు ఫోను కోసం కాచుకునేవాడు. పిలిస్తే పోవాల, అదే రిజర్వు డ్యూటీ. జ్వరమొచ్చి ఆయన చనిపోయి రెండు నెలలయింది. అయినా కంపెనీ నుంచి ఇంకా ఫోను వస్తానే ఉంది. భార్య జానకమ్మ వచ్చి కూర్చుంటా ఉంది.

ఈ రోజు ఆమె తమ్ముడూ వచ్చినాడు. అతనూ పైలటే, వేరే కంపెనీ.

"మా రూలులో పోయినరోజే పేరు కొట్టేస్తారు పోస్టుమాస్టరుగారూ. బావ కంపెనీలో యూనిఫారం తిరిగిస్తేనే కొట్టేస్తారు," అన్నాడు.

"ఇచ్చెయ్యరాదామ్మా?" అని విసుక్కున్నాను.

"ఇచ్చేస్తే ఫోను రాదు గదన్నా," అనింది.

ఫోను నేనెత్తితే ఎప్పుడూ "సిద్ధంగా ఉండమనండి" అని పెట్టేసేవాళ్ళు. ఈ రోజు మధ్యాహ్నం మాత్రం "విమానముంది, రమ్మనండి" అన్నారు. జానకమ్మ రిసీవరు తీసుకుని, పెదవి కదపకుండా కాసేపు విని, పెట్టేసింది.

సాయంత్రం నేనే మద్రాసుకు ఫోను చేసి, మనిషి పోయినాడని చెప్పినాను. అవతల గుమాస్తా కసిరినాడు: "తమాషాగా ఉందా? మధ్యాహ్నం ఫోనులో, వస్తానని ఆయనే గదయ్యా చెప్పినాడు!"

దీనికి ఏ కంపెనీలో రూలుందో తెలిసినవాళ్ళు చెప్పండి. ఫోను మాత్రం రేపట్నుంచి నేను ఎత్తను.