కాన్‌బెర్రాలో గిరి ప్రదక్షిణ

మా ఆయనకు కాన్‌బెర్రాలో ఉద్యోగం వచ్చిందని తెలియగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ బస్సులు ఎలా ఉంటాయని. జీతం గురించి అడగలేదు, చలి గురించి అడగలేదు. ఆయన నవ్వారు. ఆయనకేం, హాయిగా నవ్వుతారు, కారు నడపడం వచ్చు కాబట్టి. నాకు రాదు. నేర్చుకుందామని మొదలుపెట్టి, భయం పోక, ఇక ఈ జన్మకు ఇంతే అని వదిలేసినదాన్ని.

ఆక్లండ్‌లో దానివల్ల నాకు ఏ లోటూ లేదు. మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంటి నుంచి స్టేషన్‌కు నడిచి వెళ్ళేదాన్ని. రైలెక్కి సిటీలోకి పోయి, ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసి, సాయంత్రం అదే రైల్లో తిరిగొచ్చేదాన్ని. వీధి చివర డైరీ, అంటే అక్కడి చిల్లర కొట్టు. పాలూ బ్రెడ్డూ అక్కడే. ఇండియన్ షాపుకు బస్సు. గొప్ప బతుకని చెప్పను గానీ, ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరి మొహం చూడక్కర్లేదు. పుట్టింట్లో అన్నయ్య స్కూటర్ ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నిలబడ్డ దాన్ని కాబట్టి దాని విలువ నాకు తెలుసు.

అది రెండువేల తర్వాతి రోజుల మాట. న్యూజీలాండ్ పాస్‌పోర్టు చేతికొస్తే ఆస్ట్రేలియాలో ఉండడానికి వేరే వీసా పని లేదు. అందుకని మావాళ్ళలో చాలామంది పాస్‌పోర్టు రావడం ఆలస్యం, సామాను సర్దేవారు. మాకూ వచ్చింది. "నువ్వు సరే అంటేనే వెళ్దాం. ఒకసారి ఊరు చూసొద్దాం పద. మంగళవారం లోపల నేను జవాబు చెప్పాలి," అన్నారు మా ఆయన. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. నేనూ ఒకటే షరతు పెట్టాను. ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే తిరగగలనని నాకు నమ్మకం కుదరాలి.

అప్పట్లో ఆక్లండ్ నుంచి కాన్‌బెర్రాకు నేరుగా విమానం లేదు. సిడ్నీలో దిగి, అక్కడి నుంచి బస్సు. దేశానికి రాజధాని అంటారు, సముద్రం ఒడ్డున కట్టుకోకుండా లోపలికెళ్ళి గడ్డి మైదానాల మధ్య ఎందుకు కట్టుకున్నారో అని దారి పొడవునా ఆశ్చర్యపోయాను. ఒకచోట పెద్ద సరస్సు అని బోర్డు ఉంది. చూస్తే చుక్క నీరు లేదు, గొర్రెలు మేస్తున్నాయి. కరువట. మా ఆయన్ని మోచేత్తో పొడిచి, "మీ కొత్త ఊళ్ళో చెరువులు బాగున్నాయి," అన్నాను. ఆయన నిద్ర నటించారు.

బస్సు దిగేసరికి మా ఆయన చిన్ననాటి స్నేహితుడు కారుతో సిద్ధంగా ఉన్నాడు. హోటల్లో దిగుతామని ఆక్లండ్ నుంచే ఫోన్లో చెప్పాం. అతను వినలేదు. "మా ఊరొచ్చి హోటల్లో దిగుతార్రా? బుద్ధుందా?" అన్నాడు. వాళ్ళది గంగాలిన్ అనే కొత్త కాలనీ. ఇళ్ళన్నీ కొత్తవే, చెట్లు ఇంకా కర్రలకు కట్టి ఉన్నాయి. అతని భార్య నాకంటే పెద్దది, విశాఖపట్నం ఆవిడ. మొదటి గంటలోనే అక్కా అని పిలవడం మొదలుపెట్టాను. మనిషి అలాంటిది. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి, వడ్డిస్తే ఆపడం తెలియదు.

ఆ తర్వాత జరిగింది మన తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. శుక్రవారం రాత్రి ఒకరింట్లో భోజనం, శనివారం పొద్దున మరొకరింట్లో టిఫిన్, మధ్యాహ్నం ఇంకొకరింట్లో పప్పూ గోంగూరా. ఎవరింటికి వెళ్ళకపోయినా బాగుండదు. తీసుకెళ్ళేది ఒక కారు, దింపేది ఇంకొక కారు, పెళ్ళిలో అరటిగెలను ఒకరి భుజం మీద నుంచి ఇంకొకరి భుజం మీదికి మార్చినట్టు. నాకు ఆ రాజధానిలో కనిపించినవి కూడళ్ళలో కార్లు చుట్టూ తిరిగే రౌండబౌట్లు, సోఫాలు, డబ్బా మూతలు. ఎవరినైనా బస్సు సంగతి అడిగితే, "బస్సెందుకండీ, మేమున్నాం కదా!" అనేవారు. ఎంత ప్రేమగా అనేవారంటే ఇంకోసారి అడగడానికి నోరొచ్చేది కాదు. "చూశావా, ఎంత మంచివాళ్ళో," అని మా ఆయన పొంగిపోయారు. మంచివాళ్ళే. నా గుండెల్లో మాత్రం రాయి పడింది.

ఆదివారం పొద్దున్నే మగవాళ్ళిద్దరూ క్రికెట్ ఆడడానికి వెళ్ళారు. నేను చెప్పులు వేసుకుని, "అక్కా, నేను బస్సులో పార్లమెంటు దాకా వెళ్ళొస్తాను," అన్నాను. పేచీ పెడుతుందేమోనని సమాధానం కూడా సిద్ధంగా ఉంచుకున్నాను. ఆవిడ పొయ్యి కట్టేసి చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ నావైపు తిరిగింది.

"నేనూ రానా?" అంది.

అప్పుడు తెలిసింది. ఆ ఊరొచ్చి ఆరేళ్ళయినా ఆవిడ అక్కడి బస్సు ఒక్కసారీ ఎక్కలేదు. కారు నేర్పించబోయి రౌండబౌట్ మధ్యలో వాళ్ళాయన అరిస్తే ఆ రోజు దిగినది మళ్ళీ స్టీరింగ్ ముట్టలేదట. కూరలకైనా గుడికైనా ఆయనే తీసుకెళ్తాడు. ఎప్పుడూ విసుక్కోడు, ఎప్పుడూ కాదనడు. "బంగారంలాంటి మనిషమ్మా. ఏ వంకా పెట్టలేను," అంది స్టాపులో నిలబడి. ఆదివారం కాబట్టి బస్సు గంటకొకటే. ఎండ చురుక్కుమంటున్నా గాలి చల్లగా ఉంది. ఆవిడ చేతిసంచీలో చెక్కలు, మజ్జిగ సీసా, గొడుగు. గిరి ప్రదక్షిణకు బయల్దేరినట్టుందని నేను వేళాకోళం ఆడాను.

ఊరి నడిబొడ్డున సివిక్‌లో దిగి మరో బస్సు మారాం. డ్రైవరు పార్లమెంటు స్టాపు చెబుతానన్నాడు. మేమే కొండ మీద పార్లమెంటు నాలుగు కాళ్ళ జెండా స్తంభం కనిపించగానే తొందరపడి ముందే దిగిపోయాం. అక్కడ కాలిబాట లేదు, గడ్డి. పైన స్తంభం ఎదురుగా కనిపిస్తూనే ఉంది, ఎక్కే దారి మాత్రం కనిపించడం లేదు.

"కంగారు పడకు. కొండ కుడిచేతి వైపు ఉంచుకుని నడుచుకుంటూ పోదాం. సింహాచలం చుట్టూ ఎన్నిసార్లు తిరగలేదు! గుడి గుమ్మం దానంతటదే వస్తుంది," అంది అక్క.

నాకూ సబబుగానే తోచింది. మన బుద్ధి అంతేగా, కొండ కనిపిస్తే కుడివైపు పెట్టుకోవడమే. నడిచాం. ఒకచోట పార్లమెంటుకు దారి అని ఎడమవైపు బాణం గుర్తుంది. చూపించాను. "కొండ ఇటుంటే అటెందుకు పోతాం?" అని ఆవిడ కొట్టిపారేసింది. కార్లు మా పక్కనుంచి దూసుకుపోతున్నాయి. రోడ్డు మెల్లగా వంపు తిరుగుతూనే ఉంది, కొండ కుడివైపే ఉంది, గుమ్మం మాత్రం రాలేదు. నడిచి నడిచి కాళ్ళు లాగుతున్నప్పుడు ఎదురుగా ఒక బస్ స్టాపు కనిపించింది. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. మేం దిగిన స్టాపే. ఆ రోడ్డు కొండ చుట్టూ వేసిన గుండ్రటి రోడ్డు!

ఆవిడ గొడుగు కింద పడేసి నవ్వడం మొదలుపెట్టింది. నేనూ పడీ పడీ నవ్వాను. బెంచీ మీద కూలబడి, చెక్కలు నములుతూ, మజ్జిగ తాగుతూ, నవ్వు ఆపుకోలేక పొలమారి, మళ్ళీ నవ్వాం. పార్లమెంటు సంగతి మరిచిపోయాం. "ఏటమ్మా ఇది! ఆరేళ్ళలో నేను దారి తప్పడం ఇదే మొదటిసారి," అంది కళ్ళు తుడుచుకుంటూ. అంత సంతోషంగా దారి తప్పిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఆ క్షణంలో, ఈ ఊళ్ళో ఉండగలననే అనుకున్నాను. బస్సు గంటకొకటి అయితేనేం, ఈ అక్క ఉంది.

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. వాళ్ళాయనే. ఆట ముగించి ఇంటికొస్తే ఎవరూ లేరట. ఎక్కడున్నామో చెప్పింది. "అక్కడే ఉండండి, కదలకండి, వస్తున్నా," అనడం నాకూ వినిపించింది. కోపం లేదు ఆ గొంతులో, కంగారు తప్ప.

ఆవిడ ఇలా ఫోన్ పెట్టిందో లేదో అలా బస్సొచ్చింది. నేను లేచి చెయ్యి ఊపాను. బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. "రండి అక్కా, బస్సులోనే ఇంటికి పోదాం. ఆయనకు ఫోన్ చేసి చెప్పండి," అన్నాను. ఆవిడ సంచీ భుజాన వేసుకుని రెండడుగులు వేసింది. ఆగిపోయింది.

"వద్దులే. ఆయన బయల్దేరేశారు," అంది.

డ్రైవరు మా ఇద్దరి వైపూ చూసి, తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను. కారొచ్చేదాకా ఆవిడ చెక్కల పొట్లం మడతలు సరిచేస్తూ కూర్చుంది, నేను ఖాళీ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

భోజనాల దగ్గర మా ప్రదక్షిణ కథ విని అందరూ నవ్వారు. "ఒక్క మాట చెబితే తీసుకెళ్ళేవాణ్ణి కదా!" అని అతను చాలాసేపు నొచ్చుకున్నాడు. అక్క కూడా నవ్వుతూనే అతనికి చారు వడ్డించింది.

సాయంత్రం మా ఆయనా నేనూ ఆ వీధిలో అలా నడుస్తున్నప్పుడు చెప్పేశాను, రానని.

"అదేంటి? బస్సులున్నాయన్నావుగా!"

"ఉన్నాయి. ఎక్కనివ్వరు."

"ఎవరు? వాళ్ళు ప్రేమతోనే కదా..."

"ప్రేమ కాబట్టే. కోపంతో ఆపితే పోట్లాడి ఎక్కుతాను. ఇంత ప్రేమతో ఆపితే ఎన్నాళ్ళు పోట్లాడను? రెండేళ్ళకి నేనూ స్టాపులో కూర్చుని కారు కోసం చూస్తుంటాను."

వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాక, "సరే," అన్నారు. ఆ ఉద్యోగం ఆయనకు ఎంత నచ్చిందో నాకు తెలుసు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో కూడా తెలుసు.

సోమవారం పొద్దున మా ఆయన స్నేహితుడు బయట కారు డిక్కీలో సామాను పెడుతున్నాడు. వంటింట్లో అక్క మాకు దారికి పెరుగన్నం కడుతోంది. చెప్పకుండా వెళ్ళడానికి మనసొప్పలేదు.

"మేం ఇక్కడికి రావట్లేదక్కా," అన్నాను.

ఆవిడ డబ్బా మూత నొక్కింది.

"మంచి పని చేశావు," అంది చిన్నగా. "నీ చోట నేనున్నా రాను."

బయట డిక్కీ మూసిన చప్పుడైంది, అతను లోపలికి వచ్చాడు. అక్క డబ్బా నా చేతిలో పెట్టి, నవ్వుతూ, అతనికి వినిపించేలా, "తొందర్లో వచ్చేయండమ్మా. మీకేం భయం, ఇక్కడ అన్నిటికీ మేమున్నాం," అంది.