పేరు లేని రికార్డు

అమెరికాలో డెట్రాయిట్ దగ్గరి నోవైలో మా పక్కింట్లో ఉండే అంకుల్ రిటైరైన ఇంజనీరు. నల్లజాతి గాయకుల పాత సోల్ పాటల గ్రామఫోన్ రికార్డులు కొని, అవి ఎక్కడ తయారయ్యాయో, పాడిందెవరో వెతుకుతూ ఉండేవారు. రికార్డును కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని, లేబుల్ పక్కన గీకిన సన్నటి అక్షరాలను భూతద్దంతో చదివేవారు. ఆచూకీ దొరికినా ఆయన ముఖంలో సంతోషం కనిపించేది కాదు. నోట్‌బుక్‌లో రాసుకుని ఇంకో రికార్డు తీసేవారు.

ఒకదాని మీద పాడినవాళ్ళ పేరే లేదు. దాని మీద గీకిన అక్షరాల ఆధారంగా, అది తయారై ఇప్పుడు మూతబడిన ఫ్యాక్టరీలో ఒకప్పుడు పనిచేసినవాళ్ళకు మూడేళ్ళు ఫోన్లు చేశారు. పాడినామె ఎప్పుడో పోయిందని తెలిసింది. డెట్రాయిట్‌లో ఆమె చెల్లెలు మాత్రం దొరికింది. అంకుల్ హైవే మీద డ్రైవింగ్ మానేశారు కాబట్టి నేనే తీసుకెళ్ళాను.

ఆయన తెచ్చిన చిన్న ప్లేయర్‌లో పాట మొదలవగానే ఆ ముసలావిడ కళ్ళు మూసుకుంది.

"మా అక్కే. ఈ గొంతు విని యాభై ఏళ్ళు దాటింది," అంది ఇంగ్లీషులో.

అంకుల్ రాసుకొచ్చిన ప్రశ్నల కాగితం జేబులోంచి తీయనేలేదు. రికార్డూ ప్లేయరూ ఆవిడకే వదిలేసి లేచారు.

"ఏమీ అడగలేదేం అంకుల్?" అన్నాను కారులో.

"ఆవిడ వింటోంది కదమ్మా."

కాసేపటికి, వాతావరణం గురించి చెబుతున్నట్టే అన్నారు. "మీ ఆంటీ పోయి ఆరేళ్ళయింది. ఫోటోలు బోలెడున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా రికార్డ్ చేసుకోలేదు."

నోవై ఎగ్జిట్ వస్తే ఇండికేటర్ వేశాను.